నూరు రకాల పిట్టలు దిగిన తోట

అనగనగా ఒక రాజు. ఆయనది నేరేడుకోన రాజ్యం, పేరు ధీరసింహుడు. పేరులో సింహం ఉంది గానీ మనిషి మహా మెత్తన. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వీరసేనుడు, నడిపివాడు శూరసేనుడు. మూడోవాడు పుట్టేసరికి మంచి పేర్లన్నీ అయిపోయాయో ఏమో, చిట్టిసేనుడు అన్నారు. పెద్దవాడికి కత్తి అంటే ఇష్టం. నడిపివాడికి గుర్రం అంటే ఇష్టం. చిట్టిసేనుడికి వాళ్ళమ్మ అంటే ఇష్టం. ఆ అమ్మ పేరు చంద్రవదన.

ఒక ఏడు కార్తీక పున్నమినాడు పొద్దుగుంకే వేళ చంద్రవదన తోటలో దీపాలు పెడుతోంది. చిట్టిసేనుడు నూనె గిన్నె పట్టుకుని వెనకాలే తిరుగుతున్నాడు. అప్పుడొచ్చాడు కరాళుడనే మాంత్రికుడు. గడ్డం మోకాళ్ళ దాకా, గోళ్ళు జానెడు.

"రాణీ, నాకొక శిష్యుడు కావాలి. ఈ పిల్లవాణ్ణి ఇచ్చెయ్" అన్నాడు.

"ఆకలేస్తే అన్నం పెడతాను, చలేస్తే కంబళి ఇస్తాను. బిడ్డనెలా ఇస్తానయ్యా?" అంది రాణి. అని, కొడుక్కి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది.

మాంత్రికుడు చెయ్యి పైకెత్తి "హూం" అన్నాడు. అంతే. రాణి చాపిన చేతులు చాపినట్టే రాయైపోయింది.

"వచ్చే కార్తీక పున్నమి పొద్దు కొండ దిగేలోగా పిల్లవాణ్ణి నా దగ్గరికి పంపితే సరే సరి. లేదంటే ఈవిడ ఎప్పటికీ ఇంతే" అని చెప్పి ఏడు సముద్రాల అవతలికి ఎగిరిపోయాడు.

చిట్టిసేనుడు కళ్ళు తుడుచుకుని, "నాన్నా, నేను వెళ్ళిపోతాను. అమ్మ లేస్తుంది" అన్నాడు.

"ఒరే నాన్నా, నిన్ను ఇవ్వనన్నందుకే కదరా ఆమె రాయైంది. తీరా లేచి, చిన్నాడేడండీ అని అడిగితే నేనేం చెప్పను?" అన్నాడు రాజు.

పెద్దవాడు వీరసేనుడు కత్తి తీశాడు. "మాంత్రికుల ప్రాణం చిలకలో ఉంటుంది. నేను తెస్తాను" అని ఏడు సముద్రాలు దాటాడు. కరాళుడి ఇంటి ముందు పంజరంలో చిలక ఉంది. పట్టుకున్నాడు. చూస్తే అది వట్టి చిలక! కరాళుడు పొట్ట పట్టుకుని నవ్వి, "ఉంచుకో నాయనా, జామపండు పెట్టు" అని ఊదాడు. వీరసేనుడి మీసం చిలకపచ్చగా అయిపోయింది. ఆ మీసంతోనే ఇంటికొచ్చాడు.

నడిపివాడు శూరసేనుడు గుర్రమెక్కాడు. "అది కాదు, ఇంకో చిలక ఉంటుంది" అని ఏడు సముద్రాలు దాటాడు. ఇంకో చిలక ఉంది. పట్టుకున్నాడు. అదీ వట్టి చిలకే! కరాళుడు మళ్ళీ ఊదాడు. శూరసేనుడు ఆ చిలకతో ఇంటికొచ్చి, "వచ్చాను నాన్నా, వచ్చాను నాన్నా. ఆకలేస్తోంది, ఆకలేస్తోంది" అన్నాడు. పాపం, ఏం మాట్లాడినా రెండుసార్లే వస్తోంది.

ఇద్దరి ప్రయాణాలకీ మాఘమాసం వచ్చేసింది.

చిట్టిసేనుడు తోటలో అమ్మ కాళ్ళ దగ్గర కూచున్నాడు. వాడికొక కాకి స్నేహం. వంటింటి వెనక రోజూ దానికి అన్నం పెట్టేవాడు. ఆ కాకి గోడ మీద వాలి అంది:

"అల్లుడూ, మీ అన్నలు మరీ అమాయకులు. చిలకలో ప్రాణం దాచే రోజులు ఎప్పుడో పోయాయి. ఏ పసిపిల్లనడిగినా చిలక అని చెప్పేస్తోంటే, ఏ మాంత్రికుడు మాత్రం అందులో పెట్టుకుంటాడు?"

"మరెక్కడ పెట్టాడు కాకి మామా?"

"మా వియ్యంకుడు ఆ కరాళుడి ఇంటికప్పు మీదే కాపురం. అన్నీ వింటాడు. వెన్నెలపిట్ట అని ఒకటుంది, బొటనవేలంత. కరాళుడు దాన్ని పట్టి, కాలికి ఒక గురివింద గింజ కట్టి వదిలాడు. వాడి ప్రాణం ఆ గింజలో ఉంది. ఆ పిట్ట ఎవరికీ కనిపించదు, మబ్బుల్లోనే తిరుగుతుంది. నూరు రకాల పిట్టలు ఒక్క చోట, బెదురు లేకుండా తింటూ ఉంటే, ఆ సంబరానికి మాత్రం దిగుతుంది."

"అయితే నేను ఏడు సముద్రాలు దాటక్కర్లేదా?"

"నీకెందుకు శ్రమ? అదే దాటి వస్తుంది. నువ్వు భోజనాలు పెట్టు!"

చిట్టిసేనుడు ఎగిరి గంతేశాడు. పరుగున పోయి రాజుగారికి చెప్పాడు. భోజనాలంటే రాజులకి తెలిసినట్టే చేశారు. తోట నిండా బంగారు పళ్ళేలు పరిచారు. బూరెలు, బొబ్బట్లు, నేతి పాయసం వడ్డించారు. ఊరూరా డప్పు కొట్టించి, "ఓ పిట్టలారా! రాజుగారి తోటలో విందుందహో!" అని చాటించారు. వాకిట్లో బాకాలు కూడా ఊదించారు.

ఒక్క పిట్ట వస్తే ఒట్టు. చీమలొచ్చాయి, ఈగలొచ్చాయి, వంటింటి పిల్లి వచ్చింది. ఎవరూ చూడకుండా రాజుగారు రెండు బొబ్బట్లు తిన్నారు. ఎండకి బంగారు పళ్ళేలు తళతళా మెరుస్తోంటే, అటుగా వెళ్తున్న గోరింకలు కూడా దారి మార్చుకున్నాయి.

"అల్లుడూ, ఇలా కాదు గానీ చేలగట్టు ఊళ్ళో ఒక ఇంటి చూరుకి పిట్టలు ఊరికే వాలుతున్నాయి. పోయి అడుగు" అంది కాకి.

చిట్టిసేనుడు నడిచి వెళ్ళాడు. ఆ ఇంటి అరుగు మీద పైడి అనే రైతుపిల్ల కూచుని, వరికంకులు జడలా అల్లి కుచ్చులు కడుతోంది. కోతలైన ఇళ్ళలో పిట్టల వాటా అని చూరుకి వేలాడదీస్తారే, ఆ కుచ్చులు. ఆమె తల మీదుగానే పిచ్చుకలు వస్తున్నాయి, పోతున్నాయి.

"ఏం కావాలండీ?" అంది పైడి.

"పిట్టలు కావాలి."

"మేము పిట్టల్ని అమ్మం."

"కొనడానికి కాదు. భోజనానికి పిలవడానికి."

పైడి తలెత్తి చూసింది. "ఓహో! మొన్న డప్పు కొట్టించింది మీరేనా? మా పిచ్చుకలు రెండు రోజులు చూరులోంచి బయటికి రాలేదు తెలుసా! ఎవరైనా పిట్టని డప్పు కొట్టి పిలుస్తారా దొరా? ఇంకా నయం, పల్లకీ పంపలేదు!" అని పకపకా నవ్వింది.

చిట్టిసేనుడు తల వంచుకుని అమ్మ సంగతంతా చెప్పాడు. పైడి నవ్వు ఆగిపోయింది. కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఈ మాట ముందే చెప్పొద్దూ?" అని లేచి, లోపలికి చూసి, "అయ్యా, నేను రాజుగారి తోటకి పోతున్నా! చీకటి పడకుండా వచ్చేస్తా!" అని కేకేసింది. ఒళ్ళో ఉన్న కుచ్చులన్నీ గంపలో వేసుకుని నడిచింది.

తోట చూసి పైడి బుగ్గ మీద వేలేసుకుంది. ఆకు రాలితే తీసెయ్యడం, కొమ్మ ఎండితే కొట్టెయ్యడం, పొద పెరిగితే కత్తిరించెయ్యడం. అద్దంలా ఉంది తోట.

"ఇంత శుభ్రమేమిటండీ బాబూ! పురుగుకే చోటు లేకపోతే పిట్టకెక్కడిది? ఈ పళ్ళేలు లోపల పెట్టించండి, కళ్ళు పోతున్నాయి. రేపట్నుంచి ఆ మూల ఊడవద్దు. ఈ ఎండుమాను కొట్టొద్దు. ఆ రేగుపొదని దాని మానాన వదిలెయ్యండి."

తోటమాలి నెత్తి కొట్టుకున్నాడు. "నా తోటని అడివి చేసేస్తున్నారు తల్లోయ్!"

"చెయ్యనియ్యవయ్యా. అమ్మగారు లేస్తే మళ్ళీ కత్తిరించుకుందువు గాని" అన్నాడు రాజు.

మొదటిరోజు కుచ్చులు కట్టారు. ఎవరూ రాలేదు. రెండోరోజు ఎవరూ రాలేదు. మూడోరోజు ఒక పిచ్చుక వచ్చింది. కుచ్చుకి తలకిందులుగా వేలాడి ఒక గింజ ఒలుచుకుంది. చిట్టిసేనుడు ఊపిరి బిగబట్టి చూశాడు. ఆ పిచ్చుక వెళ్ళి మొగుణ్ణి తెచ్చింది. మొగుడు వెళ్ళి చుట్టాల్ని తెచ్చాడు. సాయంత్రానికి తోటంతా కిచకిచ!

"ఒకటి!" అంది గోడ మీద కాకి.

ఆ రోజునుంచి చిట్టిసేనుడికి అదే పని. చూడటం, తెలుసుకోవడం, పెట్టడం. చూడటం, తెలుసుకోవడం, పెట్టడం. గువ్వలూ కౌజులూ వేలాడలేవు, వాటికి నేల మీద నూకలు చల్లాడు. జీనువాయిలు మరీ చిన్నవి, వాటి నోటికి పట్టేలా కొర్రలూ సామలూ పోశాడు. గోరింకలు పక్కనుంటే అవి రావు, అందుకని ఇటొక చోట అటొక చోట పెట్టాడు. పిగిలిపిట్టలకి జామపండు కోసి పళ్ళెంలో పెడితే ముట్టలేదు. కొమ్మముల్లుకి గుచ్చి చూడండి అంది పైడి. గుచ్చితే, గుజ్జంతా తిని తొక్క మిగిల్చాయి. తేనెపిట్టలకి మందారాలు నాటాడు. ఎండుమాను కొట్టలేదు కదా, వడ్రంగిపిట్ట వచ్చి టకటకమని తలుపు తట్టినట్టు తట్టింది. పెద్దన్నగారూ నడిపన్నగారూ తమ రెండు చిలకల్నీ వదిలేస్తే, అవి వెళ్ళి ఒక గుంపునే వెంటబెట్టుకొచ్చాయి.

ఎండలు ముదిరాయి. వెడల్పు మూకుళ్ళలో నీళ్ళు పోసి, మునిగిపోకుండా మధ్యలో రాయి వేశాడు. తాగడానికి వచ్చేవి తాగుతున్నాయి, స్నానానికి వచ్చేవి స్నానం చేస్తున్నాయి. వానలొచ్చాయి. తడిసిన గింజ ముక్కిపోతుంది, తింటే పిట్టలకి జబ్బు చేస్తుంది అంది పైడి. రోజూ పాత గింజ ఎత్తిపోసి, మూకుళ్ళు తోమి, కొత్తది పోశాడు. రాజకుమారుడి చేతులు కాయలు కాశాయి. కుచ్చులు అల్లడం కూడా నేర్చుకున్నాడు. మొదట్లో వాడి ముడులు చూసి పైడి, "ఇది కుచ్చా, తోకా?" అని ఏడిపించేది. తర్వాత్తర్వాత ఏడిపించడం మానేసింది.

ఒక్క చిక్కొచ్చింది. కాకి లెక్కపెట్టడానికి కిందికి దిగినప్పుడల్లా చిన్నపిట్టలు తుర్రుమంటున్నాయి.

"మామా, ఏమీ అనుకోకు. నువ్వు గోడ మీదే ఉండి లెక్కపెట్టు. నీ అన్నం వంటింటి వెనకే పెడతాను" అన్నాడు చిట్టిసేనుడు.

"అల్లుడి ఇంట్లో పెళ్ళయితే నేను అరుగు మీద కూచోవాలన్నమాట" అని మూతి ముడిచింది కాకి. ముడిచినా ఒప్పుకుంది. ఆనాటినుంచీ ఆ గోడ మీదే ఉంది. డేగ వస్తే అరిచేది, పిల్లి వస్తే అరిచేది. అది అరిస్తే పిట్టలన్నీ రేగుపొదలో దూరేవి.

ఆషాఢానికి అరవై రకాలు. దసరాకి తొంభై. కార్తీక పున్నమి వచ్చేసరికి తొంభై తొమ్మిది!

పొద్దు పడమటికి తిరిగింది. రాజు, కొడుకులు, పైడి, అందరూ అరుగు మీద చడీచప్పుడు లేకుండా కూచున్నారు. ఇంకొక్క రకం. ఒక్కటంటే ఒక్కటి. చిట్టిసేనుడు కొమ్మకొమ్మా వెతుకుతున్నాడు.

అప్పుడు నీలిరెక్కలు విప్పుకుని ఒక పాలపిట్ట వచ్చి తోటలో వాలింది.

"నూరు!" అని అరిచింది కాకి.

"పాలపిట్ట! దసరాకి కనపడలేదు, ఇవాళ కనపడింది. ఇక శుభమే!" అని రాజు చెయ్యెత్తి దండం పెట్టాడు.

"వచ్చింది, వచ్చింది!" అన్నాడు శూరసేనుడు.

అందరూ ఆకాశం వైపు చూశారు. వెన్నెలపిట్ట లేదు. మళ్ళీ చూశారు. లేదు. ఇంకోసారి చూశారు. మబ్బు తప్ప ఏమీ లేదు.

పైడి ఆకాశం చూడటం మానేసి నేల చూసింది. చిట్టిసేనుడి భుజం గిల్లింది. "దొరా, పాలపిట్ట నూకలు తినడం మీరెప్పుడైనా చూశారా?"

చిట్టిసేనుడు చూశాడు. నిజమే! పాలపిట్ట ఎక్కడైనా కొమ్మ చివర కూచుని, మిడత కనిపిస్తే దూకుతుంది. ఇదేమో గువ్వల మధ్య నేల మీద కూచుని టుక్కు టుక్కుమని నూకలు తింటోంది! చుట్టూ ఉన్న గువ్వలు కూడా బారెడు దూరం జరిగాయి.

చిట్టిసేనుడు ఖాళీ గంప తీసుకున్నాడు. రోజూ గింజ చల్లడానికి వెళ్ళినట్టే మెల్లగా, అటూ ఇటూ చల్లుకుంటూ వెళ్ళాడు. దగ్గరికి పోయి గంప బోర్లించేశాడు. సందులోంచి చూస్తే ఏముంది! పాలపిట్ట ముక్కు కింద తెల్లటి గడ్డం!

"కరాళుడు!" అన్నాడు. పైడి ఒక్క పరుగున వచ్చి గంప మీద కూచుంది.

నూరు రకాలూ పూర్తయ్యేలోగా పిట్టల్ని బెదరగొట్టాలని వచ్చాడు వాడు. తోటలోకి దిగేసరికి నూకల వాసనకి ఆకలేసింది. పిట్ట అంటే గింజే తింటుంది అనుకున్నాడు. ఇప్పుడు మనిషిగా మారదామంటే మంత్రం చదవాలి. పాలపిట్ట గొంతులోంచి మంత్రం ఎలా వస్తుంది? "క్రా! క్రా! క్రా!"

"ఏం స్వామీ, గొంతు పట్టేసిందా? మిరియాల కషాయం ఇమ్మంటారా?" అంది పైడి.

అంతా నవ్వారు. కానీ కాకి నవ్వలేదు. "అల్లుడూ, అయితే తొంభై తొమ్మిదే" అంది.

పొద్దు కొండ అంచుని తాకింది. చిట్టిసేనుడు అమ్మ ముఖం వైపు చూశాడు. ఏ పిట్ట రాలేదు? ఏ పిట్టకి నేను పెట్టలేదు? ఒక్కొక్కటే తలుచుకున్నాడు. తలెత్తాడు. గోడ మీద కాకి ఒంటరిగా కూచుని ఉంది.

"మామా, ఇవాళ నువ్వేం తిన్నావు?"

"మెతుకులు. వంటింటి వెనక."

"తోటలో ఎప్పుడు తిన్నావు?"

"ఎప్పుడూ లేదు. నువ్వే కదా రావద్దన్నావు."

చిట్టిసేనుడికి సిగ్గేసింది. అందరికీ పెట్టాడు, అందరినీ లెక్కపెట్టినవాడికి పెట్టలేదు! లోపలికి పరుగెత్తి, వేడన్నం ఒక ఆకులో వేసుకొచ్చి తోట నడిమధ్యన పెట్టాడు. రెండు చేతులూ జోడించి, "తప్పయిపోయింది మామా. భోజనానికి రా" అన్నాడు.

"చిన్నవి బెదురుతాయేమో అల్లుడూ" అంది కాకి. అంత వాగుడుకాయా మొహమాటపడింది.

"ఇన్నాళ్ళూ డేగొస్తే చెప్పింది నువ్వు, పిల్లొస్తే చెప్పింది నువ్వు. నిన్ను చూసి బెదురుతాయా? రావయ్యా!" అంది పైడి గంప మీంచే.

కాకి దిగింది. తల వంచుకుని ఒక మెతుకు నోట పెట్టుకుంది. పక్కనున్న పిచ్చుక దాన్ని చూసింది. కాస్త జరిగి చోటిచ్చింది. మళ్ళీ తన గింజ తాను తింది.

నూరు!

అమ్మమ్మమ్మ, ఏం చెప్పమంటారు! ఒక్కసారిగా కిచకిచలు, కూతలు, ఈలలు, టకటకలు. ఆ సంబరం ఏడు సముద్రాలు దాటి వినిపించింది. మబ్బుల్లోంచి వెండిచుక్క లాంటి పిట్ట ఒకటి జారుకుంటూ వచ్చి, తిన్నగా చిట్టిసేనుడి అరచేతిలో వాలింది. దాని సన్నకాలికి నల్లదారం, దారానికి గురివింద గింజ. ఆ బరువుకి పాపం కుంటుతోంది.

"ముడి విప్పండి దొరా!"

"నువ్వొచ్చి విప్పు పైడీ, ముడి మరీ చిన్నది!"

"నేనెలా వస్తాను, నా కింద మాంత్రికుడున్నాడు! కొస లాగకండి, బిగుసుకుపోద్ది. ముడిలోకి తొయ్యండి. మన కుచ్చు ముడే అనుకోండి!"

చిట్టిసేనుడు గోటితో కొసని ముడిలోకి తోశాడు. ముడి వదులైంది. దారం జారింది. గింజ టప్పున నేల మీద పడింది. కింద తిరుగుతున్న కౌజుపిట్ట దాన్ని గుటుక్కున మింగేసింది!

గింజలోని ప్రాణం ఎక్కడికి పోవాలి? ఎవరిదో వాళ్ళ దగ్గరికే పోయింది. గంప ఎగిరిపడింది, పైడి ఒక పక్కకి దొర్లింది. గంప టోపీలా నెత్తిన పెట్టుకుని కరాళుడు మనిషై నిలబడ్డాడు. గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"ఇదేమిటి, లోపలేదో దడదడలాడుతోంది!"

"అది గుండె. మాకందరికీ ఉంది" అన్నాడు చిట్టిసేనుడు.

ప్రాణం ఒంట్లో లేని ఇన్నాళ్ళూ వాడికి భయం తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. చెయ్యెత్తి "హూం" అన్నాడు. ఏమీ కాలేదు. ప్రాణం ఒంట్లోకి రాగానే మంత్రబలమంతా పోయింది. మోకాళ్ళ మీద కూలబడి, "నన్నేం చెయ్యకండి బాబూ" అన్నాడు. వీరసేనుడు కత్తి దుయ్యబోతూ మీసం తడుముకున్నాడు. నల్లగా ఉంది! కత్తి సంగతే మరిచిపోయి అద్దం కోసం పరుగెత్తాడు.

"అమ్మ కదిలింది!" అన్నాడు శూరసేనుడు. ఒక్కసారే అన్నాడు.

రాయి మెత్తబడింది, బుగ్గల్లోకి రంగొచ్చింది. చంద్రవదన కళ్ళు విప్పింది. చిట్టిసేనుడు "అమ్మా!" అని పరుగెత్తాడు. వెళ్ళి వాటేసుకోబోయి, ఠక్కున ఆగిపోయాడు.

"అమ్మా, చెయ్యి దించకు! దించకు!"

ఆమె కుడిచేతి మోచేతి వంపులో నాలుగు పుల్లలు పేర్చి గువ్వ గూడు పెట్టుకుంది. అందులో రెక్కలు రాని పిల్లలు రెండు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

చంద్రవదన ఆ పిల్లల్ని చూసింది. కొడుకుని చూసింది. ఏడాదిగా చాపి ఉన్న చెయ్యి నొప్పెడుతున్నా అంగుళం దించలేదు.

"నువ్వే ఇటు రారా నాన్నా" అంది. చిట్టిసేనుడు వంగి ఆ చేతికిందుగా దూరి, అమ్మని చుట్టేసుకున్నాడు. ఆమె రెండో చేత్తో వాడి తల నిమిరింది. ఇద్దరూ ఎంతసేపు ఏడ్చారో, ఎంతసేపు నవ్వారో!

రాజుగారు మెత్తటి దిండ్లు తెప్పించి చేతి కింద పెట్టించారు. ఆ గూడుని వంపులోంచి మెల్లగా దిండు మీదికి జరిపింది పైడి. తల్లిగువ్వ కోప్పడలేదు.

"ఎవరర్రా ఈ పిల్ల?" అంది రాణి.

చిట్టిసేనుడు ఎర్రగా అయిపోయి నేల చూశాడు. కాకి మామ ఊరుకుంటుందా? "మీ చిన్నకోడలు అక్కగారూ! అల్లుడికి చెప్పడానికి నోరు రావడం లేదు" అంది.

"నన్నడిగారా ఎవరైనా?" అంది పైడి.

"ఇప్పుడు అడుగుతున్నాను పైడీ" అన్నాడు చిట్టిసేనుడు.

"మా అయ్యనడగండి" అని చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. అంటే సరేననే కదా!

గువ్వపిల్లలకి రెక్కలొచ్చాక లగ్నం పెట్టారు. డప్పులూ బాకాలూ ఊరి బయట మోగించుకున్నారు, తోటలో మాత్రం చప్పుడు చెయ్యనివ్వలేదు. పందిరికి పూలదండల బదులు వరికుచ్చులు కట్టారు. తాళి కట్టే వేళకి అక్షింతలు కరువయ్యాయి, సగం పిచ్చుకలే తినేశాయి. మొదటి విస్తరి కాకి మామకి వేశారు. కరాళుణ్ణి తరిమెయ్యలేదు. పిట్టల మూకుళ్ళు తోమే పని ఇచ్చారు. మొదట్లో సణిగాడు గానీ, ఒకరోజు తేనెపిట్ట వాడి గడ్డం మీద వాలేసరికి కదలకుండా పూటంతా నిలబడ్డాడట.

పెద్దన్నకి తూర్పు కోట, నడిపన్నకి పడమటి కోట ఇచ్చి, నేరేడుకోన చిట్టిసేనుడికి ఇచ్చాడు రాజు. చిట్టిసేనుడూ పైడీ అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. వాళ్ళ రాజ్యంలో కుచ్చు కట్టని చూరు లేదు, నీళ్ళు పెట్టని గోడ లేదు.

ఇదీ కథ. కథ నేను చెప్పాను, మిగతా పని మీది. చేటలో నూకలున్నాయి, తలా ఒక గుప్పెడు తీసుకెళ్ళి పెరట్లో చల్లి రండి. పరుగెత్తకండి, మెల్లగా!